ఎడమ చక్రం షాఫ్టు

నవంబరు 4, సోమవారం

ఈ డైరీ జనవరిలో బేరింగుల షాపువాళ్ళు ఇచ్చారు. ఇన్నాళ్ళూ ఇందులో కొలతలు తప్ప మరేమీ రాయలేదు. ఇవాళ రాసేవి కొలతలు కావు. మా ఆవిడ ఖదీజాకి చెప్పలేనిది ఎక్కడో ఒకచోట పెట్టుకోవాలి కదా.

పొద్దున ఏడింటికి ఇస్సాకు జీపు తెచ్చి నా లేతు షాపు ముందు ఆపాడు. వెనక ఎక్కే మెట్టు ఒకవైపు ఊడి వేలాడుతోంది. లోపల పదకొండుమంది ఆడవాళ్ళు. రోజూ వాళ్ళను కాలువ వంతెన దగ్గర ఎక్కించుకుని కొల్లేటి గట్టు మీదున్న చేపల ప్యాకింగ్ షెడ్డుకు తీసుకెళతాడు, సాయంత్రం ఐదింటికి వెనక్కి తెస్తాడు. వాళ్ళ మేస్త్రి వెంకటనరసమ్మ లోపల్నుంచే కేకేసింది.

"సాయిబుగారూ, మెట్టుకి ముస్తాబులొద్దండీ. చేపలు మాకోసం ఆగవు."

అందరూ నవ్వారు. నేను మెట్టు అతుకుతుంటే ఇస్సాకు పక్కన గొంతుక్కూర్చుని కబుర్లు మొదలెట్టాడు.

"పోయిన నెల ఎడం షాఫ్టు విరిగిందండీ. పెదపాడు ఏడుకొండలుగారు చెరువు మీద పాత ఏరేటరు తీసి పక్కన పడేశారు కదా, అందులో ఉన్నది జీపు యాక్సిలేనండీ. దాన్లోంచి షాఫ్టు తెచ్చి వేసుకున్నాను. ఒరిజినల్ పీసండీ బాబూ, మీద ఒక్క గీత లేదు."

"బాగుందయ్యా" అన్నాను.

అంతే అన్నాను. మెట్టు అతికాను, జీపు వెళ్ళిపోయింది. ఆ తరవాత లేతు ఆన్ చేసి ఎదురుగా నిలబడ్డాను. బిగించడానికి సామాను ఏదీ తీసుకోలేదని చాలాసేపటికి గాని తెలియలేదు.

ఆ షాఫ్టు మీద గీత ఎందుకుంటుంది? ఉన్న గీతను చెరిపింది నేనే. మార్చిలో ఏడుకొండలుగారు దాన్ని రెండు ముక్కలుగా గోనెసంచిలో తెచ్చారు. బేరింగు కూర్చునే చోటు పక్కన, చక్రం వైపు విరిగింది. "రోడ్డు మీద తిరిగేదైతే అతకనండీ" అన్నాను. ఇరవయ్యారేళ్ళుగా నా షాపులో అదే మాట. "రోడ్డెక్కేది కాదండీ, చెరువులో నీళ్ళు చిలికేది" అన్నారాయన. గట్టు మీద ఇంజను, నీళ్ళలో డ్రమ్ముల మీద జీపు యాక్సిలు, చక్రాల చోట ఇనప రేకులు. ఇక్కడి చెరువుల మీద అలాంటివి చాలా చూశాను. విరిగినా రేకు నీళ్ళలో పడుతుంది, చేపలు నవ్వుకుంటాయి. సరేనన్నాను.

అతికాను. వెల్డింగు వేడి మెల్లగా దిగేలా బూడిదలో పూడ్చి చల్లార్చాను. బేరింగు ఎక్కాలంటే కొంచెం చెక్కాలి, నిజమే. కొంచెం చాలు. నేను ఆగలేదు. లేతు మీద పెట్టి ఎమరీ పేపరుతో, నూనెతో అద్దంలా చేశాను. అతికిన సామానుకు చివరి ముఖం మీద ఉలితో ఒక గాటు పెట్టమని మా ఉస్తాదు నేర్పారు. రేపు ఎవరి చేతికి వెళ్ళినా ఇది అతుకని తెలియాలి. ఆ గాటు పెడితే అందం పోతుందనిపించింది. పెట్టలేదు. పైగా ఏడుకొండలుగారి చేతికిచ్చి "ఎక్కడ అతికానో చెప్పండి చూద్దాం" అన్నాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని మరీ వెతికి చెప్పలేకపోయారు. ఆ రోజంతా నాకు పండగే.

ఐదూ పదికి జీపు తిరిగొచ్చింది. పదకొండుమందీ ఉన్నారు. లెక్కపెట్టాను.

నవంబరు 5, మంగళవారం

వెళ్ళింది. వచ్చింది.

నవంబరు 6, బుధవారం

నాకు తెలిసిందే మళ్ళీ రాస్తున్నాను. రాస్తూ పోతే నా భయంలో ఎక్కడో ఒక తప్పు దొరకకపోతుందా అని ఆశ.

ఇంజను తిప్పుతుంది. ఆ తిప్పుడు గేరుబాక్సులోంచి ప్రొపెల్లర్ షాఫ్టులోకి, అక్కణ్ణుంచి వెనక్కి వస్తుంది. వెనక యాక్సిలు గొట్టం, అదే హౌసింగు, అందులో పినియను అనే చిన్న పళ్ళచక్రం క్రౌను అనే పెద్దదాన్ని తిప్పుతుంది. బండి పొడుగునా వచ్చిన తిప్పుడు అక్కడ అడ్డంగా మళ్ళి, చెరోవైపూ ఉన్న రెండు షాఫ్టుల్లోకి వెళుతుంది. ఒక్కో షాఫ్టు ఒక్కో చక్రాన్ని తిప్పుతుంది. అంటే ఇంజను బలమంతా చివరికి నా బొటనవేలికంటే కాస్త లావున్న ఇనపకడ్డీల్లోంచి వెళ్ళాల్సిందే.

లారీకి ఇబ్బంది లేదు. లారీ చక్రం హౌసింగు మీదే బేరింగులు వేసుకుని కూర్చుంటుంది. షాఫ్టు పని తిప్పడమొక్కటే, బరువుతో దానికి సంబంధం లేదు. విరిగితే లారీ కదలదు. డ్రైవరు దిగి తిట్టుకుంటాడు, అంతే.

జీపు అలా కాదు. చక్రం షాఫ్టు చివరనే ఉంటుంది. తిప్పాల్సిందీ షాఫ్టే, బరువు మోయాల్సిందీ షాఫ్టే. ఇస్సాకు పాతది లోపల, క్రౌను దగ్గర విరిగిందట. అందుకని బండి ఆగి ఊరుకుంది. అది చూసి వాడికి ధైర్యం వచ్చింది. బేరింగు బయట విరిగితే చక్రం వెళ్ళిపోతుంది. చక్రంతోపాటు బ్రేకు డ్రమ్మూ పోతుంది, ఆయిలు కారిపోతుంది, పెడలు తొక్కితే కింద దాకా దిగిపోతుంది. ఆ గట్టు మీద రెండు పక్కలా నీళ్ళే. వెనక తలుపు బయటినుంచి గొళ్ళెం. పదకొండుమంది.

కానీ ఆ అతుకు చెరువులో అయిదు నెలలు తిరిగింది. పగలూ రాత్రీ తిరిగింది, ఏమీ కాలేదు. నా అతుకు ఒక్కటైనా ఊడిందని ఏలూరులో ఎవరైనా అన్నారా?

చెరువులో దానిమీద బరువు లేదు. తిప్పుడొక్కటే.

ఆ వాక్యం రాయకుండా ఉండాల్సింది.

నవంబరు 7, గురువారం

ఇస్సాకుకి ఫోన్ చేశాను. చెప్పేద్దామనే చేశాను. "చెప్పండి ఖాసింగారూ" అన్నాడు. వెనక ఆడవాళ్ళ మాటలు వినబడుతున్నాయి.

"ఆ మెట్టు ఎలా ఉందయ్యా?" అన్నాను.

"మీ చెయ్యి పడ్డాక ఇంకేముంటదండీ, రాయిలా ఉంది."

మంచిదన్నాను, పెట్టేశాను.

సోమవారమే చెప్పి ఉంటే ఒక్క మాటతో పోయేది. "అది అతికిందయ్యా, తీసెయ్యి" అంటే సరిపోయేది. ఇప్పుడు చెబితే, మరి సోమవారం ఎందుకు చెప్పలేదంటాడు. మంగళవారం ఎందుకు చెప్పలేదంటాడు. రోజు గడిచినకొద్దీ ఆ ప్రశ్న పెరుగుతోంది.

నవంబరు 8, శుక్రవారం

జుమా నమాజుకి వెళ్ళాను. పెదవులు ఆడుతున్నాయి గాని మనసంతా గట్టు మీదే ఉంది. రాత్రి వాన పడింది, గోతులు నిండి ఉంటాయి. నీళ్ళు నిండిన గొయ్యి లోతు డ్రైవరుకు తెలియదు.

సాయంత్రం జీపు షాపు ముందు ఆపించాను. ఒక ఉపాయం ఆలోచించాను, మంచి ఉపాయమే. "ఒక పూట బండి వదిలెయ్యి, వెనక బేరింగులకు గ్రీజు పెట్టిస్తాను, నాకేమీ ఇవ్వక్కర్లేదు" అన్నాను. గుట్టుగా విప్పి, వేరే షాఫ్టు వేసేస్తే ఎవరికీ ఏమీ తెలియదు.

ఇస్సాకు నవ్వాడు. "ఊరికే చేస్తారా? ఏంటండీ కథ! ఖాళీ ఎక్కడుందండీ, రేపు షెడ్డు, ఆదివారం గూడెం. మా చర్చివాళ్ళను సభలకు తీసుకెళ్ళాలి. మా ఆవిడా పిల్లలూ కూడా వస్తున్నారు. వచ్చే వారం చూద్దాంలెండి."

తాడేపల్లిగూడెం అంటే హైవే. గట్టు మీద ముప్ఫైలో వెళ్ళేవాడు హైవే మీద డెబ్బైకి తగ్గడు.

వెంకటనరసమ్మ దిగుతూ "మా సాయిబుగారు రోజూ పొద్దున్నా సాయంత్రం గుమ్మంలో నిలబడి మమ్మల్ని సాగనంపుతున్నారే, ఏ చుట్టం చేస్తాడండీ అలాగ" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నవంబరు 9, శనివారం

పెదపాడు వెళ్ళాను. నా నోటితో కాకుండా ఏడుకొండలుగారి నోటితో చెప్పించాలని. "నేనిచ్చింది అతికిందయ్యా, మర్చిపోయాను" అని ఆయనంటే సరిపోతుంది, పెద్దమనిషి, ఆయన్ని ఎవరేమంటారు.

ఆయన చెరువు గట్టున మేత బస్తాలు దింపిస్తున్నారు. కరెంటు లైను వచ్చిందట, కొత్త ఏరేటర్లు తెల్లటి నురగ కొడుతున్నాయి. నా మాట విని ముఖం తుడుచుకున్నారు.

"అయ్యో, అతికించిన సంగతే మర్చిపోయానండీ ఖాసింగారూ. గుర్తున్నా ఏది అతికిందో నేను చెప్పలేను. దానికి రెండు షాఫ్టులు కదా. రెండూ ఒకే పొడుగు, రెండూ తళతళలాడుతున్నాయి. మీరు రెండోదాన్ని కూడా ఊరికే పాలిష్ పట్టి ఇచ్చారు, గుర్తుందా? ఇస్సాకు ఒకటి పట్టుకుపోయాడు. ఇంకోటి మోటారు షెడ్డులోనే ఉంది."

అవును. జతగా బాగుంటుందని రెండోదాన్ని కూడా మెరిపించాను. ఎవరు చెయ్యమన్నారు నన్ను!

కానీ రెండు. రెండంటే సగానికి సగం. అతికింది ఆ షెడ్డులోనే ఉండొచ్చు. ఇస్సాకు జీపులో ఉన్నది మంచిదే కావచ్చు. అక్కడే ఏడ్చేసేవాణ్ణి. ఆయన్ని ఇక ఏమీ చెప్పమనలేదు. రెండో షాఫ్టును గోనెసంచిలో చుట్టి స్కూటరుకి కట్టుకుని తెచ్చాను. ఎమరీతో రుద్ది బ్యాటరీ యాసిడు రాస్తే పది నిమిషాల్లో తెలిసిపోతుంది. అతుకు ఉంటే నల్లటి పట్టీలా తేలుతుంది.

చీకటి పడింది. వెలుతురు చాలదు. రేపు చూస్తాను.

నవంబరు 10, ఆదివారం

జీపు ఆరింటికే గూడెం వెళ్ళింది. పిల్లలు కిటికీల్లోంచి చేతులు ఊపారు.

సంచి విప్పలేదు. బల్ల కింద ఉంది. విప్పనంతసేపూ సగానికి సగం. విప్పితే ఏదో ఒకటి. ఇప్పుడు విప్పి మాత్రం ఏం లాభం, జీపు వెళ్ళిపోయింది కదా.

పదకొండింటికి ఫోన్ చేసి చేరారా అని అడిగాను. "చేరామండీ. ఏంటండీ మామీద ఇంత ప్రేమ!" అన్నాడు ఇస్సాకు. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని లేచాను. ఒంట్లో బాగాలేదా అని ఖదీజా నుదురు పట్టుకుని చూసింది. గ్యాస్ అన్నాను. హైవే మీద అంబులెన్సు కూత వినబడ్డప్పుడల్లా కుర్చీలోంచి లేచాను. ఏలూరులో రోజూ ఎన్ని అంబులెన్సులు తిరుగుతాయో నాకింతకుముందు తెలియదు.

ఆరింటికి వచ్చారు. పిల్లలు నిద్రపోతున్నారు.

నవంబరు 11, సోమవారం

పొద్దున జీపు వెళ్ళాకే సంచి విప్పాను. ఇది నిజం. వెళ్ళాకే.

రుద్దాను. యాసిడు రాశాను. షాఫ్టు చివరినుంచి చివరిదాకా ఒకే బూడిదరంగు తేలింది. కడిగి మళ్ళీ రాశాను. మూడోసారి రాసేసరికి యాసిడు లుంగీ మీద పడింది. పట్టీ లేదు. నా దగ్గరున్నది మంచిది. ఇస్సాకు దగ్గరున్నది నాది.

ఫోన్ కలవలేదు, షెడ్డు దగ్గర సిగ్నలు ఉండదు. మంచి షాఫ్టు, పుల్లరు, జాకీ, స్పానర్లు స్కూటరుకి కట్టి బయలుదేరాను. గట్టు ఎక్కిన దగ్గర్నుంచి నీళ్ళలోకే చూస్తూ వెళ్ళాను. తిరగబడ్డ జీపు కప్పు ఎక్కడ కనబడుతుందో అని. ఒకచోట తెల్లగా ఏదో తేలుతుంటే స్కూటరు ఆపేశాను. కొంగలు.

జీపు షెడ్డు ముందే ఉంది. ఇస్సాకు నీడన కూర్చుని టీ తాగుతున్నాడు.

"ఆ షాఫ్టు అతికిందయ్యా. నేనే అతికాను. తీసెయ్యాలి" అన్నాను. ఇంత తేలిక.

అక్కడే జాకీ పెట్టి చక్రం విప్పాం. డ్రమ్ము లాగాం, షాఫ్టు బయటికొచ్చింది. నా అద్దంలాంటి పాలిష్ మీద, బేరింగు పక్కన, వెంట్రుకంత గీత చుట్టూ తిరిగి ఉంది. ఇస్సాకు దాన్ని గట్టున రాయి మీద ఒక్క దెబ్బ వేశాడు. రెండయింది. విరిగిన ముఖమంతా పాత తుప్పు రంగు, మధ్యలో చిటికెన వేలంత చోటు మాత్రం కొత్తగా మెరుస్తోంది. ఆ వేలంత ఇనుము మీద నిన్న గూడెం వెళ్ళొచ్చారు.

ఆడవాళ్ళంతా ఐసు చేతులతోనే బయటికొచ్చి చుట్టూ మూగారు. ఇస్సాకు ఆ ముక్కలు చూస్తూ నేలమీద కూలబడ్డాడు.

"ఎప్పుడు తెలిసిందండీ మీకు?" అన్నాడు.

"ఇవాళే" అన్నాను.

అబద్ధం కాదు. యాసిడు రాసింది ఇవాళే. తేలింది ఇవాళే.

వాడు నా చేతులు పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. వెంకటనరసమ్మ చీర కొంగు నోటికడ్డం పెట్టుకుని "దేవుడిలా వచ్చారండీ సాయిబుగారూ" అంది. మంచి షాఫ్టు వేసి బిగించాను. వద్దంటున్నా రెండు బొచ్చె చేపలు సంచిలో వేసి స్కూటరుకు తగిలించారు.

భయం పోయింది. పోయిందనే రాస్తున్నాను.

నవంబరు 12, మంగళవారం

పొద్దున్నించీ షాపుకి మనుషులు. ఇస్సాకు ఊరంతా చెప్పినట్టున్నాడు. పేరు పాడవుతుందని తెలిసి కూడా తప్పు ఒప్పుకుని పరిగెత్తుకొచ్చాడట, అలాంటి మనిషి ఉండడట. ఇద్దరు కొత్తవాళ్ళు పనులు తెచ్చారు. తలెత్తలేకపోయాను. దాన్ని వినయం అనుకున్నారు.

మధ్యాహ్నం ఖదీజా చేపల పులుసు వడ్డించింది. తను కూర్చోలేదు.

"ఏవండీ, తెలిసింది నిన్ననే అయితే మీరు పోయిన సోమవారం నుంచీ అన్నం ఎందుకు తినట్లేదండీ?"

చెప్పాను. ఇంకేం చేస్తాను. మెట్టు అతికిన దగ్గర్నుంచి మొత్తం చెప్పాను. తను కేకలేస్తే బాగుండేది.

"ఆదివారం కూడా తెలుసా?"

"సగానికి సగం..."

"పిల్లలున్నారా బండిలో?"

ఉన్నారన్నాను. తను పులుసు గిన్నె తీసి లోపల పెట్టేసింది. కాసేపటికి వచ్చి నెమ్మదిగానే అంది. "వాళ్ళు పెట్టిన చేప ఇది. వాళ్ళకు నిజం చెప్పాక వండమంటే వండుతాను."

ఇంకెందుకు చెప్పడం? షాఫ్టు మార్చేశాను. ఎవరికీ ఏమీ కాలేదు. ఇప్పుడు చెబితే ఎవరికి మేలు?

ఇలాంటివి ఎనిమిది రోజులుగా రాస్తున్నాను. పై పేజీలు తిరగేసి చదివాను. షాఫ్టు కంటే ఇది రాసినవాణ్ణి చూసి ఎక్కువ భయం వేసింది.

నవంబరు 13, బుధవారం

కాలువ వంతెన దగ్గరికి ఆరున్నరకే వెళ్ళాను. జీపు వచ్చింది, ఆడవాళ్ళు ఎక్కుతున్నారు. నన్ను చూసి నవ్వారు. వాళ్ళు నవ్వుతుండగానే చెప్పాను, లేకపోతే ఇక చెప్పలేను.

"నాకు సోమవారం కాదమ్మా తెలిసింది. అంతకుముందు సోమవారం. మెట్టు అతికిన రోజే తెలుసు. భయపడి చెప్పలేదు."

ఇస్సాకు స్టీరింగు మీద చేతులు పెట్టి ముందుకే చూస్తూ ఉండిపోయాడు. వాడి పెదవులు ఏదో లెక్కపెడుతున్నాయి. ఆదివారం దగ్గర ఆగి ఉంటాడు. "మా పిల్లల్ని చూసి చెయ్యి ఊపారండీ మీరు" అన్నాడు. కొడతాడనుకున్నాను, కొట్టలేదు.

వెనకనుంచి ఎవరో శాపనార్థాలు మొదలెట్టారు. వెంకటనరసమ్మ చెయ్యెత్తి ఆపింది. గొంతు ఎప్పటిలా మెత్తగానే ఉంది.

"ఎక్కండి సాయిబుగారూ."

"నేనెందుకమ్మా?"

"ఎక్కండి. షెడ్డు దాకా వచ్చి బస్సులో తిరిగి వెళ్ళిపోదురుగాని."

ఎక్కాను. ఎడమవైపు, సరిగ్గా చక్రం మీద ఉన్న చోటు ఖాళీ చేసింది.

"రోజూ నేను కూర్చునేది ఇక్కడేనండీ. గోతిలో పడితే నడుం దాకా తగులుద్ది. ఇయ్యాళ మీరు కూర్చోండి."

ఇస్సాకు బయటినుంచి గొళ్ళెం పెట్టాడు. ఆ చప్పుడు లోపల ఎంత గట్టిగా వినబడుతుందో బయట నిలబడ్డవాడికి తెలియదు. ఊరు దాటాం, గట్టు ఎక్కాం. రెండు పక్కలా నీళ్ళు. చక్రం తిరుగుతుండటం సీటు రేకులోంచి కాళ్ళలోకి తెలుస్తోంది. పదకొండుమందీ నన్నే చూస్తున్నారు.

కింద ఉన్నది మంచి షాఫ్టు. మూడుసార్లు యాసిడు రాసి చూసిందే. నా చేతులతోనే ఎక్కించాను, నట్టు నేనే బిగించాను. అది విరగదని నాకు తెలిసినంతగా ఈ భూమ్మీద ఇంకెవరికీ తెలియదు. అయినా మొదటి గోతిలో చక్రం దిగగానే "యా అల్లా" అని అరిచి పైనున్న కమ్మీ రెండు చేతులతో పట్టుకున్నాను. ఎవరూ నవ్వలేదు.

"షాఫ్టు మంచిదేనా అండీ?" అంది వెంకటనరసమ్మ.

"మంచిదేనమ్మా. నేనే వేశాను."

"మరి అలా వణికిపోతున్నారేంటండీ?"

కమ్మీ వదల్లేదు. షెడ్డు ఇంకా నాలుగు కిలోమీటర్లుంది.